ఇది క్రిస్మస్ సినిమా కాదండీ

యానాంలో కేబుల్ పాపారావు తెలియదని ఎవరైనా అంటే, వాళ్ళింట్లో టీవీ లేదని అర్థం. మెట్టకూరు నుంచి అడవిపొలం దాకా కరెంటు స్తంభాలకి వేలాడే నల్ల తీగలన్నీ ఆ రోజుల్లో అతనివే. ఆ తీగల చివర టీవీలు, టీవీల ముందు మనుషులు, బొమ్మ సరిగ్గా రాకపోతే ఆ మనుషులందరికీ తిట్టడానికి ఒకే ఒక్క ఫోన్ నంబరు. ఆ ఫోను మాత్రం అతనిది కాదు, నాది.

నా పేరు నాగలక్ష్మి. నాకు ఎస్టీడీ బూత్, జిరాక్స్ మిషను ఉండేవి. పాపారావు కేబుల్ ఆఫీసు నా బూత్‌ని ఆనుకున్న గది. మధ్య గోడలో చిన్న కిటికీ. తనకి ఫోన్ కనెక్షను వచ్చేలోగా నా నంబరు వాడుకుంటానని బతిమాలితే సరే అన్నాను. ఆ ఒక్క మాటకి ఎనిమిదేళ్ళు అనుభవించాను. సీరియల్లో అత్తగారు కోడలి చెంప మీద కొట్టబోయే క్షణంలో కరెంటు పోతే ఊరంతా నన్ను తిట్టేది. నేను పడి ఊరుకునే రకాన్ని కాదు, తిరిగి తిట్టేదాన్ని. దాంతో పాపారావు చందాదారులందరికీ నోరు అదుపులో ఉండేది. అందుకు అతను ఏనాడైనా కృతజ్ఞత చెప్పాడా? లేదు.

మనిషి మాత్రం నోట్లో నాలుక లేని రకం. సొంతూరు పక్కనే నీలపల్లి. కేబుల్ రాకముందు ఇళ్ళ మీద యాంటెన్నాలు బిగించేవాడు. అలా ఒక మేడ ఎక్కి దిగేసరికి ఆ ఇంటి అమ్మాయి జోసెఫిన్ మంచినీళ్ళిచ్చింది. అప్పట్నించి ఆ ఇంటి యాంటెన్నా నెలకి మూడుసార్లు పాడయ్యేది. జోసెఫిన్ తండ్రి ఆంథోనీ మాస్టారు గవర్నమెంటు బడిలో ముప్ఫై ఏళ్ళు ఫ్రెంచి చెప్పిన మనిషి. నాకూ ఆయనే చెప్పారు. 'బోంజూర్' దాటి నేను ముందుకి పోలేదు, అది ఆయన తప్పు కాదు. అంత చదువుకున్న మనిషికి ఈ యాంటెన్నా రోగం ఏమిటో అర్థం కాలేదు. అర్థమయ్యేసరికి వీళ్ళిద్దరూ అన్నవరం కొండ మీద పెళ్ళి చేసుకుని కిందికి దిగిపోయారు.

మాస్టారు కేకలేమీ వెయ్యలేదు. "చర్చిలో ఫాదర్ ముందు చేసుకుని ఉంటే ఎవరిని చేసుకున్నా దీవించేవాణ్ణి. ఇప్పుడు నాకు కూతురు లేదు" అన్నారు, అంతే. అది తొంభై మూడులో. భార్య అప్పటికే పోయింది. ఒక్కగానొక్క కూతురు నాలుగు వీధుల అవతల కాపురం చేస్తుంటే ఆయన తన ఇంట్లో తనే వండుకుని, తనే తిని, తనే గిన్నెలు తోముకునేవారు. కూతురు రోడ్డు మీద ఎదురుపడితే గొడుగు అటు వంచేవారు, ఎండ ఉన్నా లేకపోయినా. మళ్ళీ చిత్రం చూడండి. కూతురు అక్కర్లేదు గానీ అల్లుడి తీగ కావాలి. ఫ్రెంచి ఛానల్ రావాలిగా! ఊళ్ళో ఆ ఛానల్ చూసేది నలుగురైదుగురు ముసలివాళ్ళు. దాన్ని తీసేసి హిందీ పాటల ఛానల్ పెట్టమని ఊరంతా పోరుపెట్టినా పాపారావు తీసేవాడు కాదు. ఎవరి కోసమో నేను చెప్పక్కర్లేదు.

"మావయ్యగారు ఒక్కసారి, ఒక్క పండక్కి, భోజనానికి రమ్మంటే చాలండి నాగలక్ష్మిగారూ. జోసెఫిన్ కోసవండి. క్రిస్మస్ నాడు బిర్యానీ వండి, ముద్ద నోట్లో పెట్టుకోదండి" అని నాతో ఎన్నిసార్లు అన్నాడో. పాపారావు జీవితంలో కోరుకున్నది అదొక్కటే. ఆస్తి అడిగితే పోరాడవచ్చు, కోర్టుకెక్కవచ్చు. భోజనానికి పిలవమని ఏ కోర్టుకెళ్తాం?

ఇక సినిమా సంగతి. ఆ రోజుల్లో ప్రతి కేబుల్ ఆపరేటరుకీ సొంతంగా ఒక లోకల్ ఛానల్ ఉండేది. అంటే ఏమీ లేదు, గదిలో ఒక సీడీ ప్లేయరు. ఊళ్ళోవాళ్ళు అడిగిన సినిమా వేస్తాడు. కింద పుట్టినరోజు శుభాకాంక్షలు, పోయినవాళ్ళ పెద్దకర్మ కబుర్లు వరసగా పరిగెడుతుంటాయి. వాటిని టైపు చేసేది జోసెఫిన్. వాళ్ళ పాప తేజస్విని పుట్టినరోజు వస్తే మాత్రం ఆ ఫోటో పొద్దున్నించి సాయంత్రం దాకా తెర మూల కూర్చునేది. మిగతా పిల్లలకి పది నిమిషాలే. అడిగితే, "ఎక్కడైనా చూసేవాళ్ళు ఉంటారండి" అనేవాడు పాపారావు, నేల చూపులు చూస్తూ.

రెండువేల సంవత్సరం క్రిస్మస్ నాడు మొట్టమొదటిసారి లోకల్ ఛానల్లో క్రిస్మస్ సినిమా వేద్దామని పాపారావుకి బుద్ధి పుట్టింది. పెద్దగా ఆలోచించలేదు. ఏసుప్రభువు జీవితకథ ఒకటి డబ్బింగ్‌లో దొరికితే తెచ్చి వేశాడు. అంతకన్నా క్రిస్మస్ సినిమా ఏముంటుంది? నేనూ అదే అనుకున్నాను. మధ్యాహ్నం ఒంటిగంటకి ఫోను మోగింది.

"కేబుల్ ఆఫీసాండీ? పాపారావుగారున్నారా?"

గొంతు ఆంథోనీ మాస్టారిది. కిటికీలోంచి ఫోను అందించి, నేనూ చెవి అక్కడే పెట్టాను. పెట్టనా మరి?

"మేకులు కొట్టేస్తున్నారండీ" అన్నారు మాస్టారు.

"ఎవరికండీ?" అన్నాడు ఈ వెర్రిబాగులవాడు.

"ప్రభువుకి! ఇవాళ ఆయన పుట్టినరోజండీ. మీ ఇంట్లో ఎవరిదైనా పుట్టినరోజునాడు వాళ్ళ చావు చూపిస్తారా? అది గుడ్‌ఫ్రైడే సినిమా. ఇది క్రిస్మస్ సినిమా కాదండీ."

"ఆయ్. తప్పైపోయిందండి."

సరిగ్గా అప్పుడు వెనక నుంచి జోసెఫిన్ గొంతెత్తి, "ఏవండీ, తేజూకి దగ్గుమందు పోశారా?" అంది. పాపకి దగ్గూ లేదు, పడిశమూ లేదు. ఎదురుగా కూర్చుని కేకు తింటోంది. మాస్టారు ఫోను పెట్టెయ్యలేదు. కాసేపు అలా ఊపిరి మాత్రం వినిపించింది. తర్వాత పెట్టేశారు.

పాపారావు మొహం చూడాలి! "మాట్లాడారండి, ఏడేళ్ళకి మాట్లాడారండి" అని గదంతా తిరుగుతున్నాడు.

"తిట్టారయ్యా" అన్నాను.

"తిట్టినా గారు అన్నారండి."

"పేరు పెట్టి గారు అనేది పరాయివాళ్ళని, అల్లుణ్ణి కాదు" అందామనుకుని, పండగపూట ఎందుకులే అని నోరు నొక్కుకున్నాను.

మరుసటి ఏడు అక్టోబరు నుంచే వెతుకులాట మొదలుపెట్టాడు. ఈసారి చావు ఉండకూడదు. ఒక తెలుగు సినిమా పట్టాడు. హీరో చర్చికి వెళ్తాడు, మేరీమాత ముందు కొవ్వొత్తులు వెలిగించి పాట పాడతాడు, ఆ పాట అయ్యేసరికి కళ్ళు లేని చెల్లెలికి చూపొస్తుంది. ఆహా, ఇంతకన్నా ఏం కావాలి అని వేశాడు. అరగంట కూడా కాలేదు, ఫోను.

"పాపారావుగారూ, ఆ దొంగసారా కాసేవాడి పేరేంటండీ?"

"రాబర్టండి."

"వాడి పక్కన కత్తి పట్టుకున్నవాడు?"

"పీటరండి."

"క్లబ్బులో సగం గుడ్డలేసుకుని డాన్సు చేసే ఆవిడ?"

"లిల్లీ అండి."

"ముగ్గురి మెళ్ళోనూ శిలువే. అరవై ఏళ్ళుగా చూస్తున్నానండీ, మా పేర్లు బాప్తిస్మానికి పెట్టిస్తాం, మీ సినిమావాళ్ళు దొంగలకి పెడతారు. ఆంథోనీ అనేవాడు ఒక్కడు, ఒక్కడు మంచివాడు ఉన్నాడా ఏ సినిమాలోనైనా? చర్చి ఉన్నంత మాత్రాన క్రిస్మస్ సినిమా కాదండీ."

ఆ మాటకి మాత్రం నేనూ మనసులో చప్పట్లు కొట్టాను. నిజం కదా! జోసెఫిన్ ఆ రోజు, "ఏవండీ, గ్యాస్ అయిపోయింది" అని అరిచింది. మాస్టారు అయిదు నిమిషాలు లైన్లో ఉన్నారు.

రెండువేల రెండులో ఇది ఊరి సమస్య అయిపోయింది. అసలు క్రిస్మస్ సినిమా అంటే ఏమిటి? నా బూత్ ముందు డిసెంబరు నెలంతా సభలు జరిగాయి. ఎదురుగా పునుగుల బండి మంగతాయారుది ఒక సిద్ధాంతం. "సంక్రాంతి సినిమా అంటారు. అందులో ముగ్గులుంటాయా, గొబ్బెమ్మలుంటాయా? సంక్రాంతికి రిలీజైతే సంక్రాంతి సినిమా. అలాగే ఇదీను. డిసెంబరు పాతిక్కి రిలీజైంది ఏదో ఒకటి వేసి పడెయ్" అంది. నాకు అది బాగానే తోచింది. కానీ ఆ ఏడు పాతిక్కి వచ్చిన సినిమాలో జీపులు గాల్లోకి లేవడం తప్ప ఇంకేం లేదని పాపారావు దిగులు. అప్పుడు సీడీల షాపు గణేష్ ఒక ఇంగ్లీషు సినిమా తెచ్చాడు, తెలుగు డబ్బింగ్‌తో సహా. "అన్నయ్యా, ఇది స్వచ్ఛమైన క్రిస్మస్ సినిమా. మంచు పడుద్ది, చెట్టుంటాది, ఎర్ర టోపీ తాత ఉంటాడు, కథంతా క్రిస్మస్ రోజే జరుగుద్ది" అని గుండె మీద చెయ్యేసి చెప్పాడు. అబద్ధం ఒక్కటీ చెప్పలేదు పాపం. ఆ మంచులో, ఆ చెట్టు పక్కన, తుపాకులతో ఏం జరుగుతుందో మాత్రం చెప్పలేదు.

"పందొమ్మిది" అన్నారు మాస్టారు పండగనాడు, పాపారావు ఫోను ఎత్తగానే.

"ఏంటండీ?"

"శవాలు. అద్దాల మేడ మీంచి పడ్డవాణ్ణి కలుపుకుంటే ఇరవై."

మాస్టారు కదా, హాజరు వేసుకున్నారు. ఎర్ర టోపీ తాత చేతిలో బాంబు ఉందనీ, ఇంట్లో చెట్టు పెట్టుకున్న ప్రతివాడూ క్రైస్తవుడు కాదనీ, యానాంలో మంచు పడకపోయినా రెండొందల ఏళ్ళుగా పండగ జరుగుతోందనీ పావుగంట క్లాసు పీకారు. పాపారావు "ఆయ్, ఆయ్" అంటూ నిలబడ్డాడు. చివరికి, ఎక్కణ్ణుంచి ధైర్యం వచ్చిందో మరి, "అయితే ఏది క్రిస్మస్ సినిమానో మీరే చెప్పండి మాస్టారూ. అది వేస్తానండి" అన్నాడు.

మాస్టారు నెమ్మదిగా చెప్పారు.

"నిండు చూలాలిని వెంటబెట్టుకుని ఒకాయన ఊరు కాని ఊరొచ్చాడండీ. ఎక్కడికెళ్ళినా జాగా లేదన్నారు. ఎవరో పశువుల పాకలో ఇంత చోటిచ్చారు. క్రిస్మస్ అంటే అదీ. మిగతా తారలు, దీపాలు, కేకులు మనం తగిలించుకున్నవి. బయట నిలబడ్డవాళ్ళకి లోపల జాగా దొరికితే అది క్రిస్మస్ సినిమా. అందులో చర్చి లేకపోయినా పర్లేదండీ."

పెట్టేశారు. విన్నారా? ఎవరు చెబుతున్నారో, ఎవరికి చెబుతున్నారో చూశారా? కన్నకూతుర్ని తొమ్మిదేళ్ళుగా గుమ్మం తొక్కనివ్వని మనిషి, ఆ కూతురి మొగుడికి, జాగా గురించి పాఠం! నాకు ఒళ్ళు మండిపోయింది. ఫోను లాక్కుని కడిగేద్దామనుకున్నాను. పాపారావు మాత్రం ఒక చిత్తు కాగితం మీద ఆ మాటలన్నీ పరీక్షలో ప్రశ్నలాగా రాసుకుంటున్నాడు.

ఏడాదంతా సినిమాలు చూశాడు. కాకినాడ వెళ్ళాడు, రాజమండ్రి వెళ్ళాడు, పాత సీడీలన్నీ తవ్వాడు. రెండువేల మూడు నవంబరులో దొరికింది. తెలుపు నలుపు సినిమా, మూడు సీడీలు. వరదలో సర్వం పోయిన ఒక జంట, ఆ పిల్లకి నెలలు నిండి ఉంటాయి, ఊరూరా తిరుగుతారు. కరణం తలుపేసుకుంటాడు, షావుకారు కుక్కని వదులుతాడు. చివరికి ఒక కుమ్మరి కుండలు కాల్చే తన ఆవం పక్కన, పచ్చి కుండలు జరిపి, చోటిస్తాడు. సినిమా మొత్తం వెతికినా ఒక్క క్రైస్తవుడు లేడు. పైగా మధ్యలో కృష్ణుడి మీద జోలపాట.

"క్రిస్మస్ నాడు కృష్ణుడి పాటేంటయ్యా, ఊరు నిన్ను ఉతికి ఆరేస్తుంది" అన్నాను.

"మాస్టారు చెప్పిందే వేస్తున్నానండి" అన్నాడు. జోసెఫిన్ అటు తిరిగి కళ్ళు తుడుచుకుంది. ఆ సినిమా ఆమె ముందే చూసింది.

పండగనాడు చర్చిలో పొద్దుటి పూజ అయ్యాక, పదింటికి వేశాడు. పది పావుకే మొదలయ్యాయి ఫోన్లు. చర్చి వీధి నుంచి ఒకాయన, "ఒక్క తారైనా లేదు, ఇదేం క్రిస్మస్ సినిమా?" రథం వీధి నుంచి ఇంకొకావిడ, "ఇవాళ వాళ్ళకి పండగైతే మాకెందుకండీ ఈ ఏడుపు?" జోలపాట వచ్చేసరికి రెండు వైపుల వాళ్ళూ ఏకమైపోయారు. అంతటి ఐకమత్యం ఊళ్ళో నేనెప్పుడూ చూడలేదు. అందరికీ నేనే జవాబు చెప్పాను. ఏం చెప్పానో ఇక్కడ రాస్తే బాగుండదు. ఫోను మోగిన ప్రతిసారీ పాపారావు కిటికీ దగ్గరికి పరిగెత్తుకొస్తాడు, నేను తల అడ్డంగా ఊపుతాను, వెనక్కి పోతాడు. జోసెఫిన్ కొత్త చీర కట్టుకుని గుమ్మంలో నిలబడింది. కేక వెయ్యడానికి ఏదో ఒకటి సిద్ధం చేసుకునే ఉండుంటుంది పాపం.

మొదటి సీడీ అయిపోయింది. రెండోది పెట్టాడు. కుమ్మరి కుండలు జరిపాడు, ఆ పిల్ల పడుకుంది, బిడ్డ ఏడుపు వినిపించింది. పన్నెండు దాటింది. ఊరంతా ఫోను చేసింది, ఆ ఒక్క ఇంటి నుంచి తప్ప.

పాపారావు స్టూలు మీద కూలబడ్డాడు. "తప్పు చేశానండి నాగలక్ష్మిగారూ" అన్నాడు. "మంచి సినిమా వేసేశాను."

"అదేం మాటయ్యా?"

"శవాల సినిమా వేస్తే పావుగంట మాట్లాడారండి. ఏడాదికి ఆ ఒక్క ఫోనేనండి మాకు. నా చేతుల్తో నేనే తెంపేసుకున్నాను."

అప్పటిదాకా బిగబట్టుకున్న జోసెఫిన్ ఒక్కసారిగా భోరుమంది. పాప బిక్కమొహం వేసింది. నాకూ ఏడుపొచ్చింది, ఎందుకు దాచాలి? ఏడుపొస్తే నాకు వెంటనే కోపం వస్తుంది, అది నా జబ్బు. ఫోను తీసి మాస్టారి నంబరు తిప్పాను. ఒక్క రింగు పూర్తిగా అవ్వలేదు, ఎత్తేశారు. అంటే ఫోను పక్కనే కూర్చుని ఉన్నారన్నమాట.

"నేను మాస్టారూ, నాగలక్ష్మిని. సినిమా చూస్తున్నారా?"

"చూస్తున్నానమ్మా."

"ఊరంతా తిడుతోంది. మీరు ఫోను చెయ్యలేదేం?"

"ఏమని చెయ్యనమ్మా?" ఆయన గొంతు నేనెప్పుడూ విననంత చిన్నగా ఉంది. "పొద్దున్నించి తప్పు కోసమే చూస్తున్నాను. ఒక్కటీ దొరకలేదు."

"తప్పు లేకపోతే ఫోను చెయ్యకూడదని ఎవరు చెప్పారండీ మీకు? ఇక్కడ మీ అమ్మాయి గుమ్మంలో నిలబడి ఏడుస్తోంది. మీరే చెప్పారు కదా జాగా సంగతి, పోయినేడు, మా పాపారావుకి? సినిమాలో కుమ్మరికే ఉండాలా ఆ బుద్ధి, ఫ్రెంచి చదివినవాళ్ళకి అక్కర్లేదా?"

అనేశాను. పాఠాలు చెప్పిన గురువుని అంత మాట అన్నందుకు నాలుక కరుచుకున్నాను. మాస్టారు పెట్టేస్తారనుకున్నాను. పెట్టలేదు.

"కోడి తెచ్చానమ్మా ఇవాళ" అన్నారు. "అన్నం కూడా ఎక్కువ పడిపోయింది. పెద్దవాణ్ణయిపోయాను కదా, చెయ్యి సరిగ్గా కొలవట్లేదు. నలుగురికి సరిపడా అయింది."

నేను లెక్కేశాను. ఆయన, కూతురు, అల్లుడు, పాప. చెయ్యి ఎంత సరిగ్గా కొలిచిందో!

"పాపకి కారం తగ్గించే వేశాను" అన్నారు.

ఫోను పెట్టి వెనక్కి తిరిగాను. ముగ్గురూ కిటికీలోంచి నా మొహంలోకే చూస్తున్నారు. "ఏంటలా బెల్లం కొట్టిన రాళ్ళలా నిలబడ్డారు? అన్నం చల్లారిపోతోంది, నడవండి" అని కసిరాను. పాపారావుకి అర్థం కావడానికి క్షణం పట్టింది. అర్థమయ్యాక ఒక కాలికి నా చెప్పు, ఒక కాలికి తన చెప్పు వేసుకుని బయల్దేరాడు. జోసెఫిన్ పాప చెయ్యి పట్టుకుని అతని కన్నా ముందే సందు మలుపు తిరిగిపోయింది.

పది నిమిషాలకి రెండో సీడీ అయిపోయింది. మూడోది బల్ల మీదే ఉంది. ఆ మిషను ఎలా తెరుస్తారో నాకు తెలియదు. యానాం అంతటా టీవీలు నీలంగా మారిపోయాయి. వెంటనే ఫోను మోగింది, రోజూ ఎదురు బండి దగ్గర్నుంచే అరిచే మంగతాయారు ఆ రోజు ఇంటి నుంచి ఫోను చేసింది.

"ఏమే నాగలక్ష్మీ, బొమ్మ పోయిందేంటే? పాపారావు ఎక్కడ చచ్చాడు?"

"అత్తారింటికి వెళ్ళాడు" అన్నాను. పాపారావు గురించి ఆ మాట అనడం పదేళ్ళలో నాకదే మొదలు.

"ఆంథోనీ మాస్టారింటికే?" అంది మంగతాయారు.

"మరింకెక్కడికి? అల్లుడు పండగ భోజనానికి కూర్చున్నాడు. లేచాక వచ్చి వేస్తాడు" అని ఫోను పెట్టేశాను.